నిన్న ఎవరొచ్చారు?

జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు పాఠం వినడానికి వస్తున్నాడంటే ఏ పంతులమ్మకైనా భయమే. రామతులసికి ఆ పొద్దున భయమేసింది మాత్రం సారు వల్ల కాదు, పాఠం వల్ల. ముందురోజు సాయంత్రం హెడ్‌మాస్టరు పిలిచి, "తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు గ్రామరు. సింపుల్ పాస్టుకూ ప్రెజెంట్ పర్ఫెక్టుకూ తేడా చెప్పాలట" అన్నప్పటి నుంచీ ఆమె మనసు మనసులో లేదు.

ఆ పాఠం రాక కాదు సుమా! బాసగూడ చుట్టుపక్కల ఆ తేడా ఆమె అంత తేటగా చెప్పగలిగే మనిషి ఇంకొకరు లేరు. భయం వేరే ఉంది. అది తెలియాలంటే ముందు ఆ మనిషి సంగతి కాస్త తెలియాలి.

రామతులసివాళ్లది తాలిపేరు నది అవతల ఓ చిన్న ఊరు. తెలుగు మాట్లాడే కూలీల ఇల్లు. ఇంట్లో తెలుగు, పొరుగింటితో దోర్లీ, అడవి పల్లెల నుంచి వచ్చే నేస్తులతో గోండీ, అంగట్లో హిందీ. ఇన్ని భాషలొచ్చిన పిల్ల అని ఎవరూ మెచ్చుకోలేదు, అక్కడ అందరూ అంతే. తుపాకుల భయానికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజుల్లో తల్లి ఉప్పలమ్మ ఈ పిల్ల చేయి పట్టుకుని, నెత్తిన ఒక గిన్నెల మూట పెట్టుకుని, రాష్ట్ర సరిహద్దు దాటి చర్ల దిక్కు వెళ్లిపోయింది. అక్కడ మిరపచేలల్లో కూలి. మిరపకాయలు ఏరిన చేతులతో కళ్లు నలుపుకుంటే ఏమవుతుందో రామతులసికి అప్పుడే తెలిసింది. ఇంగ్లీషు కూడా అక్కడే తెలిసింది.

యేసుపాదం అని ఒక మాస్టారు ఉండేవాడు. రేకుల షెడ్డులో కూలోళ్ల పిల్లలను కూర్చోబెట్టుకుని ఉత్తపుణ్యానికి చదువు చెప్పేవాడు. చెవులు పిండేవాడు, తిట్టేవాడు, ఆకలేస్తే తన అన్నం పెట్టేవాడు. "మన దగ్గర 'తెచ్చిన' అంటే అయిపాయె. ఇంగ్లీషోడికి అట్ల కాదు బిడ్డా. తెచ్చింది ఎప్పుడో చెప్పాలె, లేకుంటే ఇప్పుడు ముందట ఉన్నదా చెప్పాలె" అంటూ ఆయన నేర్పిన పాఠం రామతులసి మనసులో అట్లాగే ఉండిపోయింది. ఊళ్లోకి మళ్లీ మనుషులు వచ్చాక తిరిగొచ్చి, ప్రైవేటుగా డిగ్రీ కట్టి, అతిథి శిక్షక్‌గా అంటే తాత్కాలిక పంతులమ్మగా, ఈ హాస్టల్ బడిలో చేరింది. అతిథి అంటే ఏముంది, ఏడాది కాగానే పొమ్మంటే పోవాలి. ఈసారి ఆ పోస్టు పక్కాగా ఇస్తామన్నారు. జగదల్‌పూర్ నుంచి ఇంకొకామె కూడా అర్జీ పెట్టుకుంది. ఎవరికివ్వాలో ఒక పాఠం విని తేలుస్తారట. తనకు రాకపోతే రామతులసి మళ్లీ మిరపచేలోకి దిగాలి. సుద్దముక్క పట్టిన చేతికి ఆ మంట మళ్లీ వద్దని ఆమె రోజూ దండం పెట్టుకునేది.

ఇక భయం సంగతి.

గ్రామరు పుస్తకం రాసిన ఆ మహానుభావుడు ఎక్కడుంటాడో గానీ, మనిషి మాత్రం చాలా హాయిగా బతికినవాడు. సింపుల్ పాస్ట్ అభ్యాసంలో మొదటి ప్రశ్నే, 'హూ కేమ్ టు యువర్ హౌస్ ఎస్టర్‌డే?' అని ఇచ్చాడు. నిన్న మీ ఇంటికి ఎవరొచ్చారు? రెండోది, ఏం తిన్నారు? మూడోది, ఎటు వెళ్లారు? చేరిన కొత్తలో రామతులసి పుస్తకంలో ఉన్నట్టే అడిగింది. తరగతి మొత్తం బిగుసుకుపోయింది. అంతవరకూ గిల్లుకుంటూ నవ్వుకుంటూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా ముసలివాళ్లలా కూర్చున్నారు.

ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ ప్రశ్నలే ఈ ఊళ్లలో ఈ పిల్లలు పుట్టకముందు నుంచీ అడుగుతున్నారు. పగలు పోలీసులు, చీకటి పడ్డాక అడవిలోవాళ్లు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. ఒకరికి ఏం చెప్పినా రెండోవాళ్ల దగ్గర తప్పయ్యేది. అందుకని ఇక్కడి తల్లులు పిల్లలకు మాటలు నేర్పేటప్పుడే ఆ జవాబు కూడా నేర్పేస్తారు. ఎవ్వరూ రాలేదు, ఏమీ చూడలేదు, ఎటూ పోలేదు. ఉప్పలమ్మ కూడా కూతురికి అదే నేర్పింది. "ఎవరన్న అడిగితే నీ పేరు చెప్పు, నీ అయ్య పేరు చెప్పు. నిన్నటి ముచ్చట చెప్పినవో, నాలుక కోస్త" అనేది. ఇప్పుడు రోడ్డొచ్చింది, టవరొచ్చింది, బస్సు కూడా వస్తోంది. నోటికి పడిన అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అందుకని రామతులసి తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. నిన్నా మొన్నా చెప్పాల్సిన సింపుల్ పాస్ట్‌కి పుస్తకంలో రామును వాడుకుంది. రాము నిన్న ఢిల్లీ వెళ్లాడు, రాము మొన్న మామిడిపండు తిన్నాడు. ఆ రాము ఎవడో, ఎటు పోతే ఎవరికేం! ప్రెజెంట్ పర్ఫెక్టు ఎప్పుడని అడగదు. ఎప్పుడైనా చేశావా, చేసింది ఇప్పుడు నీ దగ్గరుందా, అంతే. దానికి పిల్లల సొంత బతుకు వాడుకుంది. అక్కడ పిల్లలు పూలలా విచ్చుకునేవారు. దేశమంతా 'హావ్' దగ్గర తడబడితే ఈ తరగతి 'ఎస్టర్‌డే' దగ్గర తడబడేది. ఆ సంగతి బయటపడకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు పెద్దసారు ముందు బయటపడుతుందని ఆమె భయం.

పెద్దసారు జీపు దిగాడు. పేరు ధీరజ్. బచేలీ ఇనుప గనుల కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంధ్రా కుటుంబం. తెలుగు వినగానే ముఖం చేటంత చేసుకున్నాడు. "అబ్బ, ఎన్నాళ్లకండీ ఇటువైపు తెలుగు వినడం! హాయిగా చెప్పండి మేడమ్, నేనేమీ పులిని కాను" అన్నాడు. మంచివాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే జాగ్రత్తగా ఉండేది.

ఆయన వెంట రక్షణకు వచ్చిన జవాన్లలో ఒకతను ఎండకు తట్టుకోలేక తరగతి గుమ్మం దగ్గర నీడలో నిలబడ్డాడు. చిన్నవాడు, కొండగావ్ దిక్కు హల్బీ మాట్లాడే కుర్రాడట. రామతులసి చూపు ముందు అతని భుజాన ఉన్న తుపాకీ మీద పడి, తర్వాత పిల్లల మీదికి వచ్చింది. పిల్లలు కూడా అటే చూస్తున్నారు.

ఆమె మంచినీళ్ల కుండ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఐ బ్రాట్ వాటర్ ఎస్టర్‌డే. నిన్న నీళ్లు తెచ్చిన. మరి ఇప్పుడు కుండల నీళ్లున్నయా?"

"ఏమో మేడమ్! నిన్నటి ముచ్చట గద!"

"ఐ హావ్ బ్రాట్ వాటర్. ఇప్పుడు?"

"ఉన్నయి మేడమ్!"

"ఎట్ల తెలిసింది?"

"హావ్ అన్నరు గద! తాగొచ్చు!" అంటూ ముయా అనే పిల్లాడు లేచి నిలబడి, నిజంగానే గ్లాసు ముంచుకు తాగేశాడు. ధీరజ్ పకపకా నవ్వాడు. రామతులసి గుండె కొంచెం కుదుటపడింది. ఇక హిందీ లాగి చూపించింది. లాయా అంటే తెచ్చాను, లాయా హై అంటే తెచ్చి ఉంచాను. హిందీలో 'కల్ లాయా హై' అన్నా ఎవరూ కొట్టరు, ఇంగ్లీషులో మాత్రం నిన్న అనే మాటా హావ్ అనే మాటా ఒకే వాక్యంలో ఇమడవు. "నిన్న అంటే తలుపు మూసేసినట్టు. మూసిన తలుపుల నుంచి హావ్ రాదు" అంది. ధీరజ్ తలూపుతూ, "మా ఆఫీసులో పెద్ద పెద్దవాళ్లు కూడా 'ఐ హావ్ సెంట్ ఎస్టర్‌డే' అని రాస్తారండీ. వాళ్లను పంపిస్తాను, మీ దగ్గర కూర్చోబెట్టండి" అన్నాడు.

తర్వాత 'హావ్ యూ ఎవర్' మొదలైంది. ఎప్పుడైనా రైలు చూశావా? లేదు మేడమ్, ఐ హావ్ నెవర్ సీన్. వరదలో వాగు దాటావా? చేతులన్నీ లేచాయి. ముయా అయితే, "ఐ హావ్ ఫాలెన్ ఫ్రమ్ ఎ తాటిచెట్టు" అని, చొక్కా పైకెత్తి మచ్చ చూపించబోయాడు. గుమ్మం దగ్గర జవాను కూడా పెదవులు కదుపుతూ 'ఫాల్, ఫెల్, ఫాలెన్' అనుకుంటున్నాడు. అతనికీ ఏదో పరీక్ష ఉంది కాబోలు. ఆ పెదవులు కదలడం రామతులసి చూసింది. ఇతనికి ఇంగ్లీషు అర్థమవుతోంది!

"భేష్!" అంటూ ధీరజ్ లేచాడు. "ఇప్పుడు రెండోది చూద్దాం. రాము వద్దు, ఢిల్లీ వద్దు. సొంత వాక్యం. మొన్న కొత్తల పండుగకి అందరూ ఇళ్లకెళ్లొచ్చారు కదా? చెప్పండి. హూ కేమ్ టు యువర్ హౌస్ ఆన్ సండే?"

అయిపోయింది.

మొదటి బెంచీలో పిల్ల లేచింది. "నోబడీ కేమ్, సర్."

"ఎవరూ రాలేదా? సరే. నువ్వు?"

"నోబడీ కేమ్."

"నువ్వు బాబూ?"

తాటిచెట్టు మీంచి పడ్డ ముయా, అంతవరకూ ఎగిరెగిరి పడినవాడు, కాళ్ల దగ్గర చూపు పెట్టి, "నోబడీ కేమ్, సర్" అన్నాడు.

ధీరజ్ మొదట నవ్వాడు. బెంచీ తర్వాత బెంచీ అదే మాట వచ్చేసరికి ఆ నవ్వు మెల్లగా పోయింది. కొత్త బియ్యం వండుకునే పండుగ, ఊరంతా ఒకరింటికొకరు పోయి తినే పండుగ, ఏ ఇంటికీ ఒక్క మనిషి రాలేదట! గుమ్మం దగ్గర జవాను కూడా పెదవులు కదపడం ఆపి, తల తిప్పి పిల్లల్ని చూస్తున్నాడు.

ధీరజ్ ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏంటండీ ఇది? హావ్ పాఠం అంత బాగా చెప్పారు, దీనికొచ్చేసరికి అందరికీ ఒకే ముక్క బట్టీ పట్టించారా? నేనిలా రాస్తే మీకు దెబ్బండీ. ఒక్క పిల్ల, ఒక్క సొంత వాక్యం, నిన్నో మొన్నో జరిగింది. చెప్పించండి, చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఒక్క వాక్యం! పోస్టుకూ ఆమెకూ మధ్య ఒక్క వాక్యం ఉంది. చేతిలో సుద్దముక్క చెమటకు తడిసి మెత్తబడింది. కారణం చెప్పేస్తే? జవాను వింటుండగా, ఈ పిల్లలు నిన్నటి మాట ఎందుకు దాస్తారో చెబితే, దాచేదేదో ఉందని తానే చెప్పినట్టు కాదూ? అది కుదరదు. చెప్పించాలి. ఏ మేక ఈనిందనో, ఏ అవ్వ తిట్టిందనో, ఎవరికీ పనికిరాని ముక్క ఒకటి చాలు.

ముందు తానే మొదలుపెట్టింది. "ఎస్టర్‌డే మై మదర్ కేమ్ టు స్కూల్. షి బ్రాట్ రైస్. షి స్కోల్డెడ్ మీ." ఉప్పలమ్మ నిన్న నిజంగానే వచ్చింది, కొత్తబియ్యం తెచ్చింది, చిక్కిపోయావని కూతుర్ని తిట్టింది. అదంతా పిల్లలు చూశారు. కిసుక్కున నవ్వు వచ్చింది. బిగువు కొంచెం సడలింది. ఇదే అదను అనుకుని రామతులసి నవీన వైపు చూసింది.

నవీన తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల. మేడమ్ అంటే ప్రాణం పెడుతుంది. మేడమ్ పోస్టు సంగతి హాస్టలంతా తెలుసు, నవీన అయితే అమ్మవారికి కొబ్బరికాయ కూడా మొక్కుకుంది. "నవీనా, నువ్వు చెప్పు. చిన్నది చాలు. నాకోసం చెప్పు బిడ్డా" అంది రామతులసి.

ఆ 'నాకోసం' అనకుండా ఉండాల్సింది. నవీన లేచింది. మేడమ్ ముఖం చూసింది, ఆ ముఖంలో చెమట చూసింది. మేడమ్‌కి నిజం వాక్యం కావాలి, సొంత వాక్యం కావాలి. పిల్ల స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

"ఆన్ సండే నైట్, మై బ్రదర్ కేమ్."

"వెరీ గుడ్!" అని ధీరజ్ చప్పట్లు కొట్టాడు.

రామతులసి మాత్రం గుమ్మం వైపు చూసింది. నవీన అన్న బిజ్జా ఎక్కడున్నాడని ఎవరడిగినా, ఇంట్లోవాళ్లు చర్ల దిక్కు మిరపకాయలు ఏర పోయాడని చెబుతారు. నిజం ఆమెకు తెలుసు. పిల్లను బడిలో చేర్చిన రోజు నవీన తల్లి ఆమె చేయి పట్టుకుని, వాడు అడవిలో తుపాకీ వాళ్లతో కలిసిపోయాడని చెప్పి కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఆ బిజ్జా ఆదివారం రాత్రి ఇంటికొచ్చాడు! వచ్చాడని తెలిస్తే ఇటువాళ్లు ఊరుకోరు, చెప్పకుండా వచ్చాడని తెలిస్తే అటువాళ్లు ఊరుకోరు. గుమ్మం దగ్గర జవాను గోడకు ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డాడు.

పాపం, ధీరజ్‌కి ఇవేమీ తెలియవు. ఉత్సాహం పట్టలేకపోతున్నాడు. "అండ్ దెన్? వేర్ డిడ్ హి కమ్ ఫ్రమ్? వాట్ డిడ్ హి టెల్ యూ?"

ఎక్కడి నుంచి వచ్చాడు, ఏం చెప్పాడు! నవీన నోరు తెరిచింది.

"రాంగ్!"

ఆ కేకకు పిల్లలు ఉలిక్కిపడ్డారు. రామతులసి ఎప్పుడూ తరగతిలో అరిచి ఎరగదు. "రాంగ్! కూసో! ఎన్నిసార్లు చెప్పిన, పుస్తకంల రాము ముచ్చట బట్టీ పట్టి చెప్పొద్దని? నీ ఇంటికి ఎవరొచ్చిన్రు? రాము తమ్ముడొస్తే నీ అన్న వచ్చినట్టా?"

నవీన ముఖం పాలిపోయింది. నిలబడలేక కూర్చోలేక ఊగింది.

"అరె, బట్టీ అయితేనేం మేడమ్, వాక్యం కరెక్టే కదా" అన్నాడు ధీరజ్. "ఇంకో రెండు ప్రశ్నలు అడగనివ్వండి..."

ఆ ప్రశ్నలు ఆగాలి. అన్న మాట మరుగున పడాలి. దాన్ని కప్పేసేంత రభస ఇంకొకటి కావాలి, ఈ క్షణానే కావాలి. రామతులసి దగ్గర సుద్దముక్క తప్ప ఏముంది? బోర్డు వైపు తిరిగింది.

"వాక్యమే తప్పు సార్! అక్కడ హాజ్ రావాలె" అంటూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాము హాజ్ గాన్ టు ఢిల్లీ ఎస్టర్‌డే. "ఇది కరెక్టు."

ధీరజ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని బోర్డు చూశాడు. "మేడమ్... ఎస్టర్‌డే అని ఉందండీ. హాజ్ ఎలా వస్తుంది? ఇందాక మీరే..."

"వస్తది సార్."

"రాదండీ! ఏ పుస్తకంలో ఉందండీ?"

"నేను చెప్తున్న గద, వస్తది!"

ఇద్దరి గొంతులూ లేచాయి. హెడ్‌మాస్టరు పరుగున వచ్చి తలుపు దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జవాను బోర్డు వైపు చూస్తూ, హాజ్ వస్తుందా రాదా అని తానూ లెక్క వేసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచాడు. వెనక బెంచీలోంచి ముయా చెయ్యెత్తాడు. ఆ పిల్లాడు ఆగలేకపోయాడు.

"మేడమ్, అది తప్పు! నిన్న అంటే తలుపు మూసినట్టు అని మీరే చెప్పిన్రు!"

ఇంకో రోజైతే ఆ మాటకు ఆమె వాణ్ని ఎత్తుకుని ముద్దాడేది. "నోర్మూసుకుని కూసో!" అంది. అన్నాక బోర్డు వైపు తిరిగి నిలబడింది, ముఖం పిల్లలకు కనబడకుండా.

ధీరజ్ వరండాలోకి పిలిచాడు. కోపం లేదు, బాధ ఉంది. "మొదటి అరగంట పాఠం చెప్పిందీ, ఆ ముక్క బోర్డు మీద రాసిందీ ఒక మనిషేనా అండీ? కంగారు పడ్డారు కదూ? కంగారని ఒక్కమాట అనండి. మంచినీళ్లు తాగి రండి, ఆ పిల్లనే మళ్లీ లేపి, మళ్లీ మొదటి నుంచి చెబుదురుగాని. నేను వింటాను."

ఆ పిల్లనే మళ్లీ లేపి! రామతులసి కళ్ల ముందు పోస్టు ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది.

"కంగారేం లేదు సార్. నాకు అట్లనే వచ్చు. మాకు చెప్పిన సారు అట్లనే చెప్పిండు."

ఆ మాట అంటుంటే ఆమెకు నోరు చేదెక్కిపోయింది. ఆ రేకుల షెడ్డులో, పైసా పుచ్చుకోకుండా, చెవి పిండి మరీ నేర్పిన మనిషిని చదువురానివాణ్ని చేసేసింది! ధీరజ్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంకేదో అడగబోయి మానుకుని, "సరేనమ్మా" అని జీపు వైపు నడిచాడు. జవాన్లు వెనక ఎక్కారు. ఆ చిన్నవాడు ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి బడి వైపు చూశాడు. పంతులమ్మను చూశాడో, ఇంకెవర్నైనా చూశాడో!

పోస్టు జగదల్‌పూర్ ఆమెకు వచ్చింది. ఆ కబురు హెడ్‌మాస్టరు ముఖం చూడకుండా చెప్పాడు. ఉప్పలమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. "ఏంది నీ బతుకు! వచ్చిన చదువు వచ్చినట్టు చెప్పనీకి ఏం రోగం? దయ్యం పట్టిందా ఏంది నీకు?" అని నెత్తి కొట్టుకుంది. రామతులసి చేట తీసుకుని బియ్యం చెరగసాగింది. తల్లికి చెప్పినా ఒకరికి చెప్పినట్టే.

ఆమెకు అసలు ఆ దుఃఖానికి తీరికే లేకపోయింది. కొత్తామె వచ్చేదాకా పాఠాలు చెబుతూ, కిటికీలోంచి రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా వినబడితే అటే చూసేది. నవీనవాళ్ల ఊరి నుంచి ఎవరొచ్చినా ఎదురెళ్లేది. మాట వరుసకన్నట్టు, "ఊరంత మంచిదేనా?" అని అడిగేది. మంచిదే మేడమ్ అనేవారు. ఆ ఇంటికి ఎవరూ రాలేదు. ఆ జవానుకు వాక్యం వినబడలేదో, పంతులమ్మ తప్పంటే నిజంగానే తప్పనుకున్నాడో, లేక అతనికీ ఎక్కడో ఒక చెల్లెలుందో, ఎవరికి తెలుసు!

నవీన మాత్రం ఆ రోజు నుంచి మేడమ్ కళ్లలోకి చూడలేదు. చెయ్యెత్తడం మానేసింది. అడిగితే లేచి నిలబడేది, జవాబు చెప్పేది కాదు. పోస్టు పోయినందుకు కంటే దీనికే రామతులసి ఎక్కువ కుమిలిపోయింది. కరెక్టుగా చెప్పిన పిల్లను అందరి ముందూ తప్పన్నది తనే కదా.

ఆఖరి రోజు మధ్యాహ్నం, పిల్లలంతా అన్నాల దగ్గరుండగా, రామతులసి చేతిపంపు దగ్గర టిఫిన్ గిన్నె కడుక్కుంటోంది. నవీన వచ్చి పంపు కొట్టడం మొదలుపెట్టింది. గిన్నె నిండి పొర్లిపోతున్నా కొడుతూనే ఉంది.

"నాది ఏం తప్పు మేడమ్?"

రామతులసి గిన్నె కింద పెట్టేసింది. "నీది తప్పు కాదు బిడ్డా. నీ వాక్యం మంచిగుండె. బోర్డు మీద నేను రాసిందే తప్పు."

"మరి ఎందుకు రాసిన్రు?"

"తలుపు దగ్గర ఎవరున్నరు?"

నవీన పంపు కొట్టడం ఆపింది. ఆ పిల్ల ఆ ఊళ్లలో పుట్టిన పిల్ల, ఇంకో మాట అక్కర్లేకపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి. మేడమ్ ఎందుకు అరిచిందో, పోస్టు ఎందుకు పోయిందో, అంతా ఆ కళ్లలోకి ఒక్కసారే వచ్చి నిలబడింది. "నా వల్లనే..." అని ఏడుపు అందుకుంది.

"ఉష్! నీ వల్ల కాదు. నిన్ను లేపింది నేను." ఆమె చుట్టూ చూసింది. ఎండ, ఖాళీ మైదానం, దూరంగా పళ్లేల చప్పుడు. "ఇప్పుడు ఎవరూ లేరు. చెప్పాలనిపిస్తే నాకు చెప్పు. లేకుంటే వద్దు."

నవీన ముక్కు తుడుచుకుంది. ఆమె కూడా చుట్టూ చూసింది. తెలుగులో చెప్పడానికి భయం, దోర్లీలో చెప్పడానికి భయం, హిందీలో మరీ భయం. ఆ మూడు భాషల్లోనూ ఎవరో ఒకరు ఎప్పుడూ వింటూనే ఉంటారు. ఆ పిల్ల మేడమ్ చెవి దగ్గరికి వంగి, మేడమ్ నేర్పిన ఇంగ్లీషులో గుసగుసగా మొదలుపెట్టింది.

"మై బ్రదర్ కేమ్ ఆన్ సండే నైట్. హి వాజ్ వెరీ థిన్. మదర్ గేవ్ న్యూ రైస్. హి ఏట్ టూ ఫాస్ట్. హి సా మై ఇంగ్లీష్ బుక్. హి సెడ్, రీడ్. ఐ రెడ్ వన్ పేజ్. హి..." ఏడ్చాడనడానికి మాట దొరక్క ఆగింది. వెతుక్కుంది. "హి వీప్డ్. దెన్ హి వెంట్."

కళ్లు తుడుచుకుని, ఎన్నో రోజుల తర్వాత మేడమ్ ముఖంలోకి సూటిగా చూసి అడిగింది. "కరెక్టేనా మేడమ్?"

అందులో ఏడుపు మాట ఒకటి తప్పు. రామతులసికి తెలుసు.

"కరెక్టే తల్లీ. అన్నీ కరెక్టే" అంది.